వేలంలో రెండో మనిషి: పాత బేస్‌బాల్ కార్డుల ధర ఎటు పోతుంది?

(న్యూజెర్సీలో ఒక శనివారం సాయంత్రం మన తెలుగువాళ్ల కలయికలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారమండీ. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లల్ని మొదటి వరుసలో కూర్చోబెట్టండి. వాళ్లకి చూపించాల్సిన వస్తువు ఒకటి నా చేతిలో ఉంది.

ఇదిగో. కనబడుతోందా? అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగు, అంతే. వెడల్పు అంగుళంన్నర కూడా లేదు. నాలుగు మూలలూ అరిగి గుండ్రంగా అయిపోయాయి. వెనక్కి తిప్పితే పీడ్‌మాంట్ సిగరెట్ల ప్రకటన, దాని మీద గోధుమరంగు మరక. ఎవరో పిల్లాడు జిగురు పెట్టి పుస్తకంలో అతికించుకున్నాడు, తర్వాత ఎవరో పీకారు. అమెరికన్ టొబాకో కంపెనీ 1909 నుంచి 1911 దాకా సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చిన కార్డు ఇది. సేకరించేవాళ్లు ఈ సెట్టుని టీ-206 అంటారు. ముందువైపు కింద పేరు చూడండి: మిల్లర్, పిట్స్‌బర్గ్. ఆ పిట్స్‌బర్గ్ స్పెల్లింగులో చివర హెచ్ లేదు. అప్పట్లో ఆ ఊరి పేరు అలాగే రాసేవాళ్లు.

ఈ మిల్లర్ పూర్తి పేరు చాలామందికి తెలియదు. డాట్స్ మిల్లర్ అనేవాళ్లు. 1909లో పిట్స్‌బర్గ్ వరల్డ్ సిరీస్, అంటే ఆ ఏటి బేస్‌బాల్ చాంపియన్ పోటీ, గెలిచింది కదా, ఆ జట్టులో సెకండ్ బేస్ దగ్గర ఆడింది ఇతనే. అతని పక్కన షార్ట్‌స్టాప్‌లో నిలబడ్డది ఎవరు? హోనస్ వాగ్నర్. ఆ కాలంలో బాగా పేరున్న ఆటగాళ్లలో ఒకడు. ఇద్దరూ పక్కపక్కనే ఆడారు. ఇద్దరి బొమ్మా ఒకే కంపెనీ, ఒకే సెట్టులో వేసింది. వాగ్నర్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో 72 లక్షల 50 వేల డాలర్లకి చేతులు మారింది. అదేమన్నా కొత్త నోటులా ఉన్న కార్డా? కాదు. కార్డు ఎంత చెడకుండా ఉందో చూసి గ్రేడింగు కంపెనీలు పదికి మార్కులేస్తాయి. ఇది పదికి రెండు మార్కులు వచ్చిన కార్డు. మరి ఈ మిల్లర్‌ని నేను ఎంతకి కొన్నాను? మా ఇంట్లో నలుగురం బయట భోంచేస్తే అయ్యే ఖర్చు. అంతే.

ఎందుకింత తేడా? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు దొరికితే ధర ఎటు పోతుందో చెప్పడం సగం వచ్చినట్టే. మీరందరూ గబుక్కున ఏమంటారు? వాగ్నర్ కార్డు అరుదు అంటారు. నిజమే. తన బొమ్మ వేయొద్దని అతను అభ్యంతరం చెప్పాడు, అచ్చు మధ్యలో ఆపేశారు. సిగరెట్లతో పిల్లలకి తన బొమ్మ వెళ్లడం ఇష్టం లేకనా, డబ్బు దగ్గర తేడా వచ్చిందా అన్నది ఇప్పటికీ వాదనే. మిగిలినవి 50, 60 ఉంటాయని లెక్క. కానీ ఒక్క మాట వినండి. ఇదే సెట్టులో జో డాయిల్ అనే బౌలర్ కార్డుంది. పిచ్చర్ అనాలి, క్షమించండి, మన నోటికి బౌలర్ అనే వస్తుంది. న్యూయార్క్‌లో రెండు లీగుల్లోనూ జట్లున్నాయి, అతన్ని పొరపాటున వేరే లీగు కింద అచ్చువేసి వెంటనే దిద్దుకున్నారు. ఆ తప్పు కార్డులు పది మిగిలాయేమో. వాగ్నర్ కంటే ఎన్నో రెట్లు అరుదు. అయినా దాని ధర వాగ్నర్ ధరలో కొంత భాగమే. అంటే ఒట్టి అరుదుతనం ధర తేలేదు. అవునా, కాదా?

ధర తెచ్చేది రెండో మనిషండీ. ఈ మాట ఇవాళ నేను చాలాసార్లు అంటాను. మన ఊళ్లో వినాయక చవితి లడ్డూ వేలం పాట ఎప్పుడైనా చూశారా? లడ్డూ ఎంతకి పోయింది అని అడుగుతాం. పాడుకున్నాయన పేరు పేపర్లో వస్తుంది. కానీ ఆ రేటు నిర్ణయించింది ఆయనా? ఆయన పాటకి పాట పెంచుతూ వచ్చి, చివరికి చేతులెత్తేసిన రెండో ఆయన. ఆ రెండో ఆయన ఎక్కడ ఆగాడో దాని పైమెట్టే ధర. రెండో ఆయన ఆ ఏడాది రాకపోతే అదే లడ్డూ సగానికి పోతుంది. లడ్డూ మారలేదు, పాడుకున్నాయన మారలేదు. కార్డుల వేలంలోనూ అదే జరుగుతుంది. అందుకే పాత కార్డు ధర పెరుగుతుందా అని ఎవరైనా నన్నడిగితే, రేపు దీనికి రెండో మనిషి ఉంటాడా అని నేను తిరిగి అడుగుతాను.

సముద్రంలో పోసిన కార్డులు

ఇప్పుడు మన తీరం కథ చెప్తాను. 1952లో బ్రూక్లిన్‌లోని టాప్స్ కంపెనీ 407 కార్డులతో పెద్ద సెట్టు వేసింది. బబుల్‌గమ్‌తో పాటు కార్డులు. ఆ సెట్టు వెనక ఉన్నది సై బెర్గర్ అనే ఉద్యోగి. విడతలు విడతలుగా వదిలారు. ఆఖరి విడత దుకాణాలకి చేరేసరికి బేస్‌బాల్ సీజను అయిపోవచ్చింది, పిల్లలు ఫుట్‌బాల్ మీద పడ్డారు. ఎవరూ కొనలేదు. పెట్టెలకి పెట్టెలు గోదాములో ఉండిపోయాయి. 1960లో జాగా కావాల్సి వచ్చి, చెత్త మోసే పడవ మీద ఎక్కించి అట్లాంటిక్‌లో పోయించానని బెర్గర్ తానే చెప్పాడు. ఆ విడతలో 311వ నంబరు మిక్కీ మాంటెల్, న్యూయార్క్ యాంకీస్ జట్టు హీరో.

అదే మాంటెల్ కార్డు ఒకటి, తొమ్మిదిన్నర మార్కులది, 1991లో 50 వేల డాలర్లకి అమ్ముడైంది. 2022 ఆగస్టులో వేలంలో కోటి 26 లక్షల డాలర్లు పలికింది. మనవాళ్లు లెక్కల్లో గట్టివాళ్లు కదా, చూడండి: 31 ఏళ్లలో 252 రెట్లు. చక్రవడ్డీ కడితే ఏడాదికి 19 శాతం పైనే. ఈ లెక్క చూపించి కార్డులు అమ్మజూపేవాళ్లు చాలామంది వస్తారు. దయచేసి వినండి, ఆ లెక్కలో తప్పు లేదు గానీ అది ఒక్క కార్డు లెక్క. అత్యుత్తమమైన కార్డు, అత్యుత్తమమైన రోజున. 1991లో అదే 50 వేలు పెట్టి పెట్టెడు కొత్త కార్డులు కొన్నవాళ్ల సంగతేంటి? వాళ్ల గురించి వార్త రాదు.

వాళ్ల గురించే నాకు బెంగ. 1980ల చివర్లో అమెరికా మొత్తానికి ఒక నమ్మకం వచ్చేసింది, కార్డులు దాస్తే పిల్లల కాలేజీ ఫీజులు వస్తాయని. 1952 మాంటెల్ కథలు పేపర్లలో వస్తున్నాయి మరి. అందరూ దాచారు. కంపెనీలు పగలూ రాత్రీ అచ్చేశాయి. 1989లో అప్పర్ డెక్ కంపెనీ మొదటి సెట్టులో మొదటి కార్డు కెన్ గ్రిఫీ జూనియర్. అందమైన కార్డు, గొప్ప ఆటగాడు. కానీ గ్రేడింగు కంపెనీ పీఎస్ఏ ఒక్కటే దానికి పదికి పది ఇచ్చినవి నాలుగు వేల పైచిలుకు ఉన్నాయి. 1952 మాంటెల్‌కి అదే కంపెనీ పదికి పది ఇచ్చినవి ఎన్ని? మూడు. తొమ్మిది ఇచ్చినవి ఆరు. 1994 ఆగస్టులో ఆటగాళ్ల సమ్మె వచ్చింది, ఆ ఏడు వరల్డ్ సిరీసే జరగలేదు, బజారు ఇంకా కుంగింది. ఆ కాలపు కార్డుల్ని ఇప్పుడు చెత్త కాలం కార్డులంటారు. అందరూ వద్దనుకున్న కార్డు మిగల్లేదు కాబట్టి విలువైంది. అందరూ కావాలనుకుని దాచిన కార్డు కుప్పలు పడింది. పెట్టుబడికి మంచిది అని గట్టిగా వినబడిన ప్రతిసారీ నేను ముందు అడిగేది, ఎంతమంది దాస్తున్నారని.

సరుకు ఎంతుందో ఖాయంగా తెలుసా అంటే, అదీ పూర్తిగా తెలియదు. 2012లో ఒహాయోలోని డిఫయన్స్ అనే ఊళ్లో ఒక ఇంటి అటక మీద 700 దాకా కార్డులు బయటపడ్డాయి. 1910 నాటివి, ఈ-98 అనే సెట్టు, ముట్టుకోనట్టే ఉన్నాయి. 2016లో ఇంకో కుటుంబం పాత ఇల్లు సర్దుతుంటే నలిగిన కాగితపు సంచిలో వాగ్నర్ కాలపు గొప్ప ఆటగాడు టై కాబ్ కార్డులు ఏడు దొరికాయి, వెనక కూడా కాబ్ పేరే ఉండే రకం. అప్పటిదాకా ప్రపంచంలో 15 దాకా ఉన్నాయనుకున్నవి ఒక్క సంచితో 22 అయ్యాయి. మరి ధర కూలిందా? కూలలేదు. దొరికిన కథ పేపర్లలో, టీవీల్లో వచ్చింది, అప్పటిదాకా ఆ కార్డంటేనే తెలియని కొత్త మనుషులు వేలానికి వచ్చారు. సరుకు పెరిగితే ధర తగ్గాలని బళ్లో చదువుకున్నాం. ఇక్కడ సరుకుతోపాటు రెండో మనిషీ, మూడో మనిషీ పెరిగారు. ఈ-98ని మాత్రం ఒక్కసారి కుమ్మరించకుండా కొన్నేళ్లపాటు కొంచెం కొంచెంగా అమ్మారు. తెలివైన పని.

నా పట్టికలో ఏముంటుంది

నేను ఉద్యోగరీత్యా డేటా మనిషిని. పగలంతా వేరేవాళ్ల అంకెలు చూస్తాను, రాత్రి ఈ అంకెలు. ఈ రంగంలో నాకంటే ముందే ఒక లెక్కల మాస్టారు ఉన్నారు తెలుసా? జేమ్స్ బెకెట్. స్టాటిస్టిక్స్ ప్రొఫెసరు. 1979లో కార్డుల ధరల పుస్తకం తెచ్చారు, 1984 నుంచి నెలనెలా పత్రిక. అందులో ధర పక్కన పైకి, కిందికి బాణాలుండేవి. ఒక తరం పిల్లలు ఆ బాణాలు చూసే పెరిగారు. కానీ పుస్తకంలో రాసిన ధర వేరు, చేతికి వచ్చిన ధర వేరు. ఆ తేడాని నేనెప్పుడూ మరిచిపోను.

నా పట్టికలో 40 కార్డులున్నాయి. అన్నీ 1948, 1969 మధ్యవి. ప్రతి అమ్మకానికి ఒక వరుస. అదే కార్డు, అదే మార్కులు, అదే గ్రేడింగు కంపెనీ. వేరేవాటితో కలపను. అడిగిన ధర రాయను, అమ్ముడైన ధరే రాస్తాను. కొన్నవాడు వేలం సంస్థకి అదనంగా ఇచ్చే కమిషను, అది చాలాచోట్ల 20 శాతం దరిదాపుల్లో ఉంటుంది, కలిపిన ధరా కలపని ధరా అన్నది విడిగా రాస్తాను. ఒక అమ్మకానికీ తర్వాతి అమ్మకానికీ ఎన్ని రోజులు పట్టిందో రాస్తాను. ఇంకొక గడి ఉంది. పాట ఎంతమంది పాడారు, ఎంతవరకు ఇద్దరు నిలిచారు. వేలం నడుస్తుంటే రాత్రి 11 దాటాక కూర్చుని చూస్తాను. నా గడుల్లో ముందుచూపు ఉన్నది అదొక్కటే. ధర పైకి పోతూనే ఉంటుంది, పాడేవాళ్లు మాత్రం ఆరుగురు కాస్తా నలుగురై, నలుగురు ఇద్దరైపోతారు. ఆ తర్వాత ధర పడుతుంది. ఎప్పుడూ అంటే ఎప్పుడూ అని కాదు, కానీ నేను చూసినంతలో తరచుగా అదే.

ఉదాహరణకి 2020, 21 తీసుకోండి. అందరూ ఇళ్లలో ఉన్నారు, వడ్డీలు తక్కువ, చేతిలో ప్రభుత్వం పంపిన చెక్కులు. ఎంత గిరాకీ అంటే, పీఎస్ఏకి వచ్చిన కార్డుల గుట్ట దిగక 2021 మార్చిలో చాలా రకాల సేవలు ఆపేసింది. 2021 జనవరిలో తొమ్మిది మార్కుల మాంటెల్ 52 లక్షల డాలర్లు పలికింది. 2018లో అదే మార్కుల కార్డు 28 లక్షల 80 వేలు. 2022 మార్చి నుంచి వడ్డీలు పెరగడం మొదలైంది, మధ్యరకం కార్డులు దిగసాగాయి. సరిగ్గా అదే ఏడు ఆగస్టులో ఆ కోటి 26 లక్షల రికార్డు! పేపర్ చదివినవాళ్లు బజారు మండిపోతోందనుకున్నారు. నా పట్టికలో నాలుగైదు మార్కుల కార్డులు దిగుతున్నాయి. శిఖరం మీద ఇద్దరు కొట్టుకుంటే అది ఆ ఇద్దరి సంగతి. బజారు సంగతి తెలియాలంటే మూడు, నాలుగు, ఐదు మార్కుల కార్డులు చూడండి. అవి తరచుగా అమ్ముడవుతాయి, వాటికి రెండో మనిషే కాదు, పదో మనిషి కూడా ఉంటాడు.

దొంగపాట గురించి చెప్పకుండా ముందుకి పోలేను. కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచడానికే పాడే పాట. అది కలిసిన అంకెతో నువ్వు ఏ గ్రాఫు గీసినా అబద్ధమే. వాగ్నర్ కార్డుల్లో అన్నిటికంటే పేరున్నది, ఎనిమిది మార్కులది, 1991లో ఐస్ హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ, అతని జట్టు యజమాని బ్రూస్ మెక్‌నాల్ కలిసి 4 లక్షల 51 వేలకి కొన్నారు. 2007లో అది 28 లక్షలకి పోయింది. ఒకప్పుడు ఆ కార్డు చేతిలో ఉన్న డీలరు బిల్ మాస్ట్రో, కొత్తదిలా కనబడాలని దాని అంచులు తానే కత్తిరించానని 2013లో కోర్టు కేసులో ఒప్పుకున్నాడు. తన వేలంపాటల్లో దొంగపాటలు పాడించానని కూడా. 2015లో జైలు శిక్ష పడింది.

కత్తిరింపు బాధ నాకూ తెలుసు. కొన్నేళ్ల క్రితం ఒక కార్డుల సంతలో 1959 మాంటెల్ కొన్నాను. మూలలు సూదిలా ఉన్నాయి. ఆరు నెలలు దాచుకున్న డబ్బు. గ్రేడింగుకి పంపితే మార్కులు లేకుండా తిరిగొచ్చింది, అంచు కత్తిరించారని. అప్పుడు భూతద్దం పెట్టి చూశాను. 1957 నుంచి టాప్స్ కార్డు కొలత రెండున్నర అంగుళాలు, మూడున్నర అంగుళాలు. నాది అడ్డంగా వెంట్రుకవాసి తక్కువ. మూడు అంచులు 60 ఏళ్ల కాగితం రంగులో, పాతబడి, కాస్త నూగుగా ఉన్నాయి. నాలుగోది తెల్లగా, నున్నగా, నిన్న కోసినట్టు. అమ్మినాయన మళ్లీ కనబడలేదు. కొలబద్ద, భూతద్దం లేకుండా ఆ తర్వాత నేను సంతకి వెళ్లలేదు.

తాతల జ్ఞాపకం పోయాక

ఇప్పుడు అసలు భయం. 1952లో పదేళ్ల పిల్లాడికి ఇప్పుడు 80 దాటాయి. మాంటెల్ ఆట చూసినవాళ్లు వెళ్లిపోతున్నారు, వాళ్ల అల్మరాలు బజారుకి వస్తున్నాయి. కొనేవాళ్లు ఎవరు? ధరలు పడిపోవా? చాలామంది పడతాయనే అంటారు. నేను ఒక ప్రశ్న వేస్తాను. హోనస్ వాగ్నర్ ఆట చూసినవాళ్లు ఇవాళ ఎంతమంది బతికున్నారు? అతను ఆట మానేసింది 1917లో. ఒక్కరూ లేరు. మరి ఆ 72 లక్షలు ఎవరిచ్చారు?

జ్ఞాపకం చరిత్రగా మారితే కార్డు నిలుస్తుంది. జ్ఞాపకంగానే ఉండిపోతే, ఆ తరంతో పోతుంది. జాకీ రాబిన్సన్‌ని చూడండి. నల్లవాళ్లని రానివ్వని పెద్ద లీగుల్లోకి 1947లో అడుగుపెట్టి ఆ అడ్డుగోడ పగలగొట్టిన ఆటగాడు. ప్రతి ఏప్రిల్ 15న అన్ని జట్లలో అందరు ఆటగాళ్లూ 42 నంబరు చొక్కానే వేసుకుంటారు. మన పిల్లలు బళ్లో అతని గురించి చదువుతున్నారు. అవునా పిల్లలూ? చదివారా? చూశారా, తల ఊపుతున్నారు. రాబిన్సన్ కార్డుకి 2050లో రెండో మనిషి అదుగో, ఆ మొదటి వరుసలో ఉన్నాడు. రాబర్టో క్లెమెంటే. ప్యూర్టోరికో మనిషి. సరిగ్గా 3000 హిట్లు. 1972 డిసెంబరు 31 రాత్రి, నికరాగ్వా భూకంప బాధితులకి సాయం తీసుకెళ్తూ విమానం కూలి పోయాడు. అతని 1955 టాప్స్ కార్డు కోసం వెతికేవాళ్లలో అతని ఆట చూడనివాళ్లే ఎక్కువ. ఆ కార్డు కథ చెప్తుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది.

అదే డ్యూక్ స్నైడర్ సంగతి? గొప్ప ఆటగాడు, బేస్‌బాల్ మేటి ఆటగాళ్లని ఎన్నుకుని గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు. కానీ అతను బ్రూక్లిన్ పిల్లల దేవుడు. 1957 సీజను కాగానే డాడ్జర్స్ జట్టే బ్రూక్లిన్ వదిలి లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయింది. ఆ పిల్లలు ముసలివాళ్లయ్యారు. స్నైడర్ కార్డులు కొనొద్దని నేను అనను, నా దగ్గరా ఉన్నాయి, ఇష్టంతో కొనండి. ధర పెరుగుతుందని మాత్రం కొనకండి. నా అంచనా ఇది: పదిపదిహేను పేర్లు పైకి, మిగతా గొప్పవాళ్లు నెమ్మదిగా కిందికి. మధ్యలో దూరం పెరుగుతుంది.

వార్తల మీద ఊహించడం గురించి రెండు ముక్కలు. బేస్‌బాల్ మీద పందాలు కాసినందుకు ఆట నుంచి నిషేధం పడ్డ గొప్ప ఆటగాడు పీట్ రోజ్ 2024 సెప్టెంబరులో పోయాడు. 2025 మే 13న, చనిపోయినవాళ్ల మీద నిషేధం వర్తించదని లీగు ప్రకటించింది. హాల్ ఆఫ్ ఫేమ్ కమిటీ ముందుకి అతని పేరు 2027 డిసెంబరులో రావచ్చు. అందరికీ తెలిసిన తేదీ అది. అందరికీ తెలిసింది ఇప్పటికే అతని 1963 కార్డు ధరలో ఉంది. ఎన్నికైతే కొద్దిగా పెరగొచ్చు, కాకపోతే గట్టిగా పడుతుంది. ఆ బేరం నాకు నచ్చదు. ఇక, మనిషి పోయిన వారంలో ధర ఎగరడం. 2024 జూన్ 18న మాంటెల్ కాలపు మరో గొప్ప ఆటగాడు విల్లీ మేస్ పోయాడు. ఆ రాత్రే కార్డులు అమ్మకానికి పెట్టడం చూశాను. ఆ వారం నేను పట్టికలో ఏమీ రాయలేదండీ. అలాంటి ఎగురుడు కొన్ని వారాల్లో దిగిపోతుందన్నది ఒక కారణం. ఆ మనిషి కార్డు తీసి చేతిలో పట్టుకుని కూర్చోవాలనిపించింది, అది రెండో కారణం.

ఎవరో అడుగుతున్నారు... గట్టిగా చెప్పండి అన్నయ్యగారూ. ఆ, స్టాకుల బదులు ఇవి కొనొచ్చా అని. లెక్క చెప్తాను. వెయ్యి డాలర్ల పాటకి మీరు కమిషనుతో 1200 ఇస్తారు. మర్నాడే అమ్మితే వెయ్యి వస్తుంది, కొన్నిచోట్ల ఇంకా తక్కువ. అంటే ధర 20 శాతం పెరిగితేగాని మీ అసలు రాదు. లాభం వస్తే, ఏడాది దాటాక అమ్మినా, ఇలాంటి సేకరణ వస్తువుల మీద ఫెడరల్ పన్ను 28 శాతం దాకా ఉంటుంది, షేర్ల కంటే ఎక్కువ. డివిడెండు రాదు. ఇన్సూరెన్సు మీరే కట్టుకోవాలి. రిటైర్మెంటు డబ్బు దీనిలో పెట్టకండి, తమ్ముడిగా చెప్తున్నాను.

ఇక మాటలు చాలు. ఈ మిల్లర్ కార్డుని వరుసలోకి పంపిస్తాను. ప్లాస్టిక్ తొడుగు తీసేస్తున్నాను, కావాలనే. 1910లో దీన్ని పట్టుకున్న పిల్లాడికి తొడుగు లేదు. ముందు పిల్లలకి. చేతులు తుడుచుకోండి నాన్నా, ఇందాక మిర్చి బజ్జీలు తిన్నారు కదా. అంచులు పట్టుకోండి, బొమ్మ మీద వేలు పెట్టకండి. వెనక్కి తిప్పి ఆ మరక చూడండి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. చూసి పక్కవాళ్లకి ఇవ్వండి.